ర్యాక్‌లోంచి దించిన సర్వర్‌ను టవర్‌గా నిలబెట్టడం

డేటా సెంటర్‌లో అద్దె ర్యాక్ ఖాళీ చేసే చిన్న కంపెనీకి ఆఖర్లో ఒక చిక్కు మిగులుతుంది. మెయిలు, వెబ్‌సైటు అప్పటికే క్లౌడ్‌కి వెళ్లిపోయి ఉంటాయి. ట్యాలీ లెక్కలు, పాత డ్రాయింగులు, ఏళ్లనాటి ఫైళ్లు ఉన్న ఒక్క సర్వర్ మాత్రం అక్కడే ఉండిపోతుంది. దానికోసం నెలనెలా అద్దె కట్టడం దండగ కాబట్టి ఆఫీసుకే తెచ్చేద్దామంటారు. ఆఫీసులో ర్యాక్ లేదు. “దానికేముంది, పక్కకి తిప్పి బల్ల పక్కన నిలబెట్టేస్తే సరి” అనేవాళ్లు ఎప్పుడూ ఒకరిద్దరు ఉంటారు.

తిప్పడానికి ఎంతోసేపు పట్టదు, నిజమే. కానీ ర్యాక్‌లో ఉన్నన్నాళ్లూ ఆ సర్వర్ బాగోగులు సగం ర్యాకే చూసుకుంది. బరువు మోసింది, పడిపోకుండా పట్టుకుంది. ముందునుంచి చల్లగాలి లోపలికి, వెనకనుంచి వేడిగాలి బయటికి పోయే దారి ఇచ్చింది. రెండు వేర్వేరు కరెంటు లైన్లు, గట్టి ఎర్తింగ్ అందించింది. తలుపుకి తాళం ఉంది కాబట్టి దారినపోయేవాళ్ల కాలు, చెయ్యి తగలకుండా కాపాడింది. బయటికి తెచ్చిన రోజునుంచి ఈ పనులన్నీ మన నెత్తిన పడతాయి. టవర్‌గా మార్చడమంటే అసలు పని అదీ. స్క్రూలు విప్పి బిగించడం అందులో చిన్న వాటా.

నిలబడే సర్వరేనా?

ర్యాక్‌లో ఎత్తును ‘యూ’ల్లో లెక్కపెడతారు. ఒక యూ అంటే 1.75 అంగుళాలు. వెడల్పు మాత్రం అన్నిటికీ ఒకటే, 19 అంగుళాల చట్రానికి సరిపడేంత. డెల్ పవర్‌ఎడ్జ్ టీ630, హెచ్‌పీ ప్రోలయంట్ ఎంఎల్350 జెన్9 లాంటివి 5యూ పెట్టెలు. పడుకోబెడితే 8.75 అంగుళాల ఎత్తుంటాయి. ఎంఎల్350లో తర్వాత వచ్చిన జెన్10 ర్యాక్‌లో 4యూ చోటే తీసుకుంటుంది. లెనోవో థింక్‌సిస్టమ్ ఎస్‌టీ550 కూడా 4యూనే. ఐబీఎం 2014లో తెచ్చిన పవర్ ఎస్814ను టవర్‌గానూ అమ్మింది, 4యూ ర్యాక్ సర్వర్‌గానూ అమ్మింది. డెల్, హెచ్‌పీ, లెనోవోల ఈ మోడళ్లు పుట్టుకతో టవర్లే. ర్యాక్ కావాలన్నవాళ్ల కోసం పడుకోబెట్టి, రెండు పక్కలా చెవులు బిగించి, రెయిల్స్ జోడించి ఇస్తారు. కాబట్టి వీటిని మళ్లీ నిలబెట్టడం కంపెనీ ఒప్పుకున్న పని. దానికి కిట్టు ఉంటుంది, ఏది ముందు విప్పాలో, ఏది తర్వాత బిగించాలో మాన్యువల్లో ఉంటుంది.

1యూ, 2యూ సర్వర్ల సంగతి వేరు. డెల్ ఆర్640, ఆర్740, హెచ్‌పీ డీఎల్360, డీఎల్380 లాంటి పల్చటి పెట్టెలకు టవర్ కిట్టే లేదు. అలాగని నిలువుగా పెట్టగానే పాడైపోతాయనుకోనక్కర్లేదు. ఇలాంటి సర్వర్లను గోడకి నిలువుగా బిగించే బ్రాకెట్లు బజార్లో ఉన్నాయి. హార్డ్ డిస్కులూ అడ్డంగా, నిలువుగా ఎలా పెట్టినా తిరుగుతాయి. తంటా అంతా చప్పుడుతోనే. 1యూ పెట్టె ఎత్తులో 40 మిల్లీమీటర్ల ఫ్యాన్లే పడతాయి. అంత చిన్న ఫ్యాన్లు సరిపడా గాలి తొయ్యాలంటే నిమిషానికి 10 వేల చుట్లు దాటి తిరగాలి. డేటా హాల్ హోరులో అది ఎవరికీ వినపడదు. ఆఫీసు గదిలో ఫోన్ మాట్లాడనివ్వదు. పైగా కాళ్లు బిగించడానికి వాటికి రంధ్రాలుండవు, సన్నటి పెట్టె నిలబడితే మోకాలు తగిలినా ఒరుగుతుంది. నన్నడిగితే వీటిని టవర్ చెయ్యాలనే ఆలోచనే మానుకోండి. అమ్మేసి సెకండ్‌హ్యాండ్ టవర్ కొనుక్కోండి, లేదా వేరే గదిలో గోడకి బ్రాకెట్ వేసి తలుపు మూసెయ్యండి. ఇక్కడినుంచి చెప్పేదంతా రెండు రకాలుగానూ వాడుకునే 4యూ, 5యూ పెట్టెల గురించే.

కిట్టులో సాధారణంగా ఉండేవి: అడుగున బిగించే కాళ్లు (కొన్నిటికి తాళం పడే చక్రాలు), పైభాగాన్ని కప్పే ప్లాస్టిక్ మూత, ముందువైపును కప్పే టవర్ బెజెల్, సరిపడే స్క్రూలు. మోడల్ నంబర్ చెప్పి అడిగితే చాలదు. సర్వర్ మీదున్న సర్వీస్ ట్యాగ్‌తో కంపెనీ సైట్లో మీ పెట్టె ఏ ఛాసిస్సో చూసుకుని, దానికి సరిపడే పార్ట్ నంబర్ అడగాలి. ఒకే మోడల్లో పెద్ద డిస్కుల పెట్టెకి ఒక బెజెల్, చిన్న డిస్కుల పెట్టెకి ఇంకో బెజెల్ ఉండొచ్చు. పాత మోడళ్లకు కంపెనీ కిట్టు ఇవ్వడం ఆపేసి ఉంటే సెకండ్‌హ్యాండ్ మార్కెట్టే దిక్కు. హైదరాబాద్ వాళ్లయితే సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ దగ్గర ఒకసారి అడిగి చూడండి. మూత, బెజెల్ దొరక్కపోయినా పని నడుస్తుంది కానీ కాళ్లు లేకుండా మాత్రం నిలబెట్టొద్దు.

దించే ముందు

కిట్టు చేతికి వచ్చాకే సర్వర్ ఆపే తేదీ పెట్టుకోండి. ఈలోగా కూర్చున్నచోటనే చెయ్యాల్సినవి ఉన్నాయి.

బ్యాకప్ తీసుకోవాలని ఎవరికీ చెప్పనక్కర్లేదు. అందులోంచి ఒక ఫోల్డర్‌ను వేరే కంప్యూటర్‌లోకి తిరిగి తెచ్చి, ఫైళ్లు తెరుచుకుంటున్నాయో లేదో చూడమని మాత్రం ప్రతిసారీ చెప్పాల్సి వస్తుంది. “రెయిడ్ ఉందిగా” అనకండి. ఒక డిస్కు పోతే రెయిడ్ ఆదుకుంటుంది, సర్వర్ మొత్తం మెట్ల మీంచి జారితే ఆదుకోదు.

తర్వాత కరెంటు లెక్క. డెల్‌లో ఐడ్రాక్, హెచ్‌పీలో ఐఎల్ఓ అనే నిర్వహణ కార్డులు సర్వర్ ఎన్ని వాట్లు లాగుతోందో, ఎప్పుడు గరిష్ఠంగా ఎంత లాగిందో చూపిస్తాయి. ఆ రెండు అంకెలూ రాసుకోండి. యూపీఎస్ కొనేటప్పుడు, గది వేడి లెక్కేసేటప్పుడు పనికొస్తాయి. అదే కార్డులోకి వెళ్లి దాని ఐపీ అడ్రస్‌ను మీ ఆఫీసు నెట్‌వర్క్‌కి తగ్గట్టు మార్చండి. ఈ మార్పు అన్నిటికన్నా ఆఖర్న చెయ్యండి, ఎందుకంటే మార్చిన క్షణంనుంచి డేటా సెంటర్ నెట్‌వర్క్‌లో అది కనబడదు. ఇది మర్చిపోతే ఆఫీసులో మానిటర్ తగిలించి మొదట్నుంచీ సెట్ చేసుకోవాలి. సర్వర్ వెనక ఉండేది నీలం రంగు వీజీఏ పోర్టు, మీ ఆఫీసులోవన్నీ హెచ్‌డీఎంఐ మానిటర్లు. ఎందుకైనా మంచిది, ఒక వీజీఏ మానిటరో కన్వర్టరో దగ్గర పెట్టుకోండి.

వెనక కేబుళ్లను ఫోన్‌తో ఫొటో తీసి, ఒక్కొక్కదానికీ కాగితం చుట్టి పేరు రాయండి. డిస్కులకూ అంతే. బే నంబర్ డెల్‌లో 0 నుంచి, హెచ్‌పీలో 1 నుంచి మొదలవుతుంది, పెట్టె మీద ఏ అంకె ఉంటే స్టిక్కర్ మీద అదే రాయండి.

ఇక షట్‌డౌన్. పవర్ బటన్ నొక్కిపట్టి ఆపడం కాదు, ఆపరేటింగ్ సిస్టమ్‌లోంచే పద్ధతిగా ఆపాలి. అప్పుడే రెయిడ్ కార్డు క్యాష్‌లో ఉన్న రాతలు డిస్కులకు చేరతాయి. ఫ్యాన్లు ఆగిపోయాక కూడా వెనక పవర్ సప్లై దీపాలు వెలుగుతూనే ఉంటాయి. సర్వర్ ఆగినా లోపల స్టాండ్‌బై కరెంటు ఉంది, ఐడ్రాకో ఐఎల్ఓనో ఇంకా మేలుకునే ఉంది. పవర్ బటన్ కరెంటును పూర్తిగా కట్ చెయ్యదని కంపెనీలు మాన్యువల్లో హెచ్చరికగా అచ్చువేసేది ఇందుకే. రెండు పవర్ సప్లైలుంటే రెండు పవర్ కేబుళ్లూ పీకాలి. ఒకటి పీకి రెండోది మర్చిపోతే సర్వర్‌లో కరెంటు ఉన్నట్టే లెక్క. దీపాలన్నీ పూర్తిగా ఆరేదాకా ఆగి, అప్పుడు చెయ్యి పెట్టండి.

రెయిల్స్ మీంచి బల్ల మీదికి

దెబ్బలు తగిలేది ఈ దశలోనే. డిస్కులు నిండుగా ఉన్న 5యూ సర్వర్ 40 కిలోలు దాటుతుంది. ఐబీఎం తన సర్వర్ల మీద వేసే హెచ్చరికలో లెక్క ఇలా ఉంటుంది: 18 కిలోలు దాటితే ఇద్దరు, 32 దాటితే ముగ్గురు, 55 దాటితే నలుగురు ఎత్తాలి. ఇద్దరు గట్టివాళ్లు చాలని మనవాళ్లు అంటారు. ఎత్తగలరు, కాదనను. ర్యాక్‌లో అది ఛాతీ ఎత్తులో ఉన్నప్పుడు రెయిల్ లాచ్ తియ్యడానికి మూడో చెయ్యి ఎక్కణ్నుంచి వస్తుంది?

బరువు తగ్గించే దారి ఉంది. 3.5 అంగుళాల డిస్కు ఒక్కొక్కటి సుమారు 700 గ్రాములు. ఎనిమిది డిస్కులు తీసేస్తే ఐదున్నర కిలోలు పోయినట్టే. పవర్ సప్లైలు రెండూ బయటికి లాగితే ఇంకొంచెం తేలికవుతుంది. డిస్కుల్ని యాంటీస్టాటిక్ కవర్లలో పెట్టి, మధ్యలో స్పాంజి వేసి వేరే పెట్టెలో సర్దండి. ప్రయాణంలో కుదుపులకు ముందు దెబ్బతినేవి అవే కాబట్టి ఇది రెండు విధాలా మంచిది.

సర్వర్‌ను ముందుకి లాగే ముందు ర్యాక్ అడుగున ఉండే స్టెబిలైజర్ కాళ్లు బయటికి లాగి ఉన్నాయో లేదో చూడండి. ఒకేసారి రెండు సర్వర్లు ముందుకి లాగి ఉంటే ర్యాక్ మొత్తం ముందుకి ఒరుగుతుంది, అందుకే ఏ మాన్యువల్ చూసినా ఒక్కసారికి ఒక్కటే లాగమంటుంది. ముందుకి లాగిన సర్వర్ మీద స్క్రూడ్రైవర్లు, ల్యాప్‌టాప్ పెట్టుకుని పనిచేసేవాళ్లను డేటా హాళ్లలో చూస్తుంటాం. రెయిల్ బల్ల కాదు, ఆ పని చెయ్యొద్దు.

రెయిల్స్ రెండు రకాలు. ఒక రకంలో పెట్టె పక్కనున్న గుబ్బలు రెయిల్‌లోని వంపు గాడుల్లో కూర్చుంటాయి. లాచ్ నొక్కి, పెట్టెను నిటారుగా పైకెత్తితే వచ్చేస్తుంది, రెయిల్ ర్యాక్‌లోనే ఉండిపోతుంది. రెండో రకంలో లోపలి రెయిల్ పెట్టెకి అతుక్కునే బయటికి వస్తుంది. దాన్ని బల్ల మీద పెట్టాక విప్పాలి. స్ప్రింగ్ నాలుకను గోటితో పైకెత్తి పట్టుకుని, రెయిల్‌ను కొంచెం పక్కకి జరిపితే గుబ్బల మీంచి ఊడుతుంది. జరిపేటప్పుడు వేళ్లు రెయిల్‌కి, గుబ్బకి మధ్య ఉండకూడదు. అది కత్తెరలా పనిచేస్తుంది, తెగేదాకా తెలీదు.

పట్టుకోవాల్సింది పెట్టె అడుగున. బెజెల్, ర్యాక్ చెవులు, పవర్ సప్లై పిడులు పట్టుకుని ఎత్తొద్దు, అవి ఆ బరువుకి చేసినవి కావు. కారులో తీసుకెళ్తే ర్యాక్‌లో ఉన్నట్టే పడుకోబెట్టి, కింద దుప్పటి వేసి తీసుకెళ్లండి. నిలువుగా పెట్టి బెల్టు కట్టడం కన్నా అది నయం.

ఆఫీసుకి చేరగానే ప్లగ్గు పెట్టాలని తొందర ఉంటుంది, ఆగండి. డేటా హాల్ చల్లగా ఉంటుంది. అక్కణ్నుంచి విశాఖ, కాకినాడ లాంటి ఉక్కపోత ఊళ్లో గదికి తెస్తే, ఏసీ కారు దిగగానే కళ్లజోడు మసకబారినట్టు లోపలి బోర్డుల మీద తేమ పడుతుంది. కరెంటు ఇవ్వకుండా కొన్ని గంటలు గదిలో ఉంచితే అది ఆరిపోతుంది. ఆ గంటల్లోనే టవర్‌గా మార్చే పని చేసుకోవచ్చు.

చెవులు పోయి కాళ్లు రావడం

గట్టి బల్ల కావాలి. అద్దం బల్ల, మడత బల్ల పనికిరావు. మీద రబ్బరు షీటో మందపాటి దుప్పటో పరవండి. మూత తెరిచే పని ఉంటే మణికట్టుకి ఎర్త్ పట్టీ కట్టుకుని, దాని క్లిప్పు పెట్టె లోహానికి తగిలించండి. చలికాలం పొడిగాలిలో, సింథటిక్ బట్టలతో ఇది మరీ అవసరం. స్క్రూడ్రైవర్లలో డెల్‌కి మామూలు స్టార్ 2 నంబరు సరిపోతుంది. హెచ్‌పీ వాళ్లు టార్క్స్ వాడతారు, టీ10, టీ15 రెండూ ఉంచుకోండి. సరిపడని స్క్రూడ్రైవర్‌తో తల అరగదీసిన స్క్రూ సాయంత్రమంతా తినేస్తుంది.

ముందు ర్యాక్ బెజెల్ తియ్యండి. తాళం ఉంటే తాళంచెవి పోయిందని ఇప్పుడే తెలుస్తుంది. తర్వాత రెండు పక్కల చెవులు. చెవి కిందనుంచి సన్నటి వైరు ఏదైనా లోపలికి పోతోందేమో చూడండి. కొన్ని సర్వర్లలో పవర్ బటన్, దీపాలు, యూఎస్‌బీ పోర్టు చెవిలోనే ఉంటాయి. అలాంటి చెవిని లాగితే ముందు ఊడేది ఆ వైరు కనెక్టరే. స్క్రూలు తీసినవి తీసినట్టు ఒక్కో భాగానికి ఒక్కో చిన్న కవర్లో వేసి పేరు రాయండి. పొట్టి స్క్రూ ఉండాల్సిన చోట పొడుగు స్క్రూ దూరిస్తే లోపలికి పొడుచుకొచ్చి వైర్లను ఒరుసుకుంటుంది.

ఏ పక్కకి తిప్పాలన్నది చాలామందికి సందేహం. కాళ్లు బిగించే రంధ్రాలు ఏ పక్కన ఉన్నాయో అదే అడుగు. చాలా మోడళ్లలో ర్యాక్‌లో పైన ఉండే మూత, టవర్ అయ్యాక ఎడమ చేతి వైపుకి వస్తుంది. అంటే ముందునుంచి చూసినప్పుడు ర్యాక్‌లో ఎడమ పక్కన ఉన్న వైపు కిందికి దిగుతుంది. కాళ్లు మాత్రం నిలబెట్టాక కాదు, పడుకుని ఉండగానే బిగించాలి. అడుగు అయ్యే అంచును బల్ల అంచునుంచి కొంచెం బయటికి జరిపితే చేతికి చోటుంటుంది. ప్రతి కాలినీ గాడిలో పెట్టి, టక్కుమని కూర్చునేదాకా తోసి, స్క్రూ బిగించండి. కాళ్లు పెట్టె వెడల్పును దాటి రెండు పక్కలకీ బయటికి చాచి ఉండాలి. అందంగా ఉంటుందని లోపలికి తిప్పి బిగిస్తే కాళ్లు పెట్టీ లాభం లేదు.

తర్వాత ఇద్దరు చెరో చివరా పట్టుకుని, పెట్టెను అంచు మీదుగా నెమ్మదిగా దొర్లించి, పొట్టి స్టాండ్ మీద నిలబెట్టండి. విడిగా నిలబడే పరికరాలకు పాత ఐఈసీ 60950 భద్రతా ప్రమాణం పెట్టిన పరీక్ష ఒకటుంది: 10 డిగ్రీలు ఒరిగించినా పడకూడదు. మీరూ అరచేత్తో పై అంచును నెమ్మదిగా తోసి చూడండి. డిస్కులు, పవర్ సప్లైలు పెట్టాక మళ్లీ తోసి చూడండి, బరువు మారింది కదా. ఊగితే నేల ఎగుడుదిగుడైనా కావాలి, కాలి స్క్రూ వదులైనా కావాలి.

పైమూత, టవర్ బెజెల్ పెట్టడం తేలిక. కొన్ని పాత మోడళ్లలో డీవీడీ డ్రైవు ఉన్న పంజరాన్ని బయటికి తీసి 90 డిగ్రీలు తిప్పి పెట్టాలి, మాన్యువల్లో ఉంటుంది. బెజెల్ మీది కంపెనీ బిళ్ల కూడా కొన్నిటిలో తిరుగుతుంది. తిప్పకపోతే పేరు పక్కకి పడుకుని కనిపిస్తుంది, అంతకుమించి నష్టం లేదు. మూత తెరిచి ఉంటే ఇప్పుడే ఒకసారి లోపలికి చూడండి. ప్రయాణంలో కదిలిన ర్యామ్, రైజర్ కార్డులను వేలితో నొక్కి, ప్లాస్టిక్ గాలి మూత ప్రాసెసర్ల మీద సరిగ్గా కూర్చుందో లేదో చూసి, మూత పూర్తిగా బిగించండి. మూత సరిగ్గా పడకపోతే లోపలి స్విచ్ దాన్ని పట్టేసి లాగ్‌లో రాస్తుంది, గాలి దారి కూడా తప్పుతుంది.

కరెంటు

ఇక్కడ నేను కొంచెం ఎక్కువసేపు ఆగుతాను. ర్యాక్‌లోంచి తెచ్చిన పవర్ కార్డులు గోడ ప్లగ్గులో పట్టవు. ర్యాక్‌లో సర్వర్ పక్కన ఐఈసీ సీ13, ర్యాక్‌లో కరెంటు పంచే పీడీయూ పక్కన సీ14 ఉంటాయి. మనకి కావాల్సింది ఒక చివర సీ13, ఇంకో చివర మన మూడు పిన్నుల 6 ఆంపియర్ల ప్లగ్గు. 750 వాట్ల పవర్ సప్లై పూర్తి లోడులో 230 వోల్టుల దగ్గర మూడున్నర ఆంపియర్ల చుట్టూ లాగుతుంది, అంచేత 6 ఆంపియర్ల ప్లగ్గు చాలు. వెడల్పాటి సీ19 కార్డు అడిగే పెద్ద పవర్ సప్లై అయితే 16 ఆంపియర్ల ప్లగ్గు పాయింటు వేయించాలి. సాకెట్‌లో పట్టడం లేదని మూడో పిన్ను విరిచేసేవాళ్లు, రెండు పిన్నుల అడాప్టర్ పెట్టేవాళ్లు మన ఊళ్లలో ఇంకా ఉన్నారు. సర్వర్‌కి అది ఎందుకు ప్రమాదమో చెబుతాను. పవర్ సప్లై లోపల శబ్దాన్ని వడకట్టే కెపాసిటర్లు కొద్దిపాటి కరెంటును ఎప్పుడూ లోహపు పెట్టెలోకి వదులుతుంటాయి. ఎర్త్ ఉంటే అది నేలలోకి పోతుంది. లేకపోతే పెట్టె ఒళ్లంతా దాదాపు సగం లైను వోల్టేజికి లేస్తుంది, ముట్టుకుంటే జివ్వుమంటుంది. రెండు పవర్ సప్లైలుంటే లీకయ్యే కరెంటూ రెట్టింపు. ర్యాక్‌లో ఇనుప చట్రం కూడా విడిగా ఎర్త్ అయి ఉండేది. ఇప్పుడున్న ఒకే ఒక్క ఎర్త్ ఆ మూడో పిన్నే.

కాబట్టి సర్వర్ తేవడానికి ముందే ఎలక్ట్రీషియన్ని పిలిచి, దాన్ని పెట్టబోయే సాకెట్లో న్యూట్రల్‌కి ఎర్త్‌కి మధ్య వోల్టేజి కొలిపించండి. సర్వర్ ఇంజనీర్లు సాధారణంగా 3 వోల్టుల లోపు ఉండాలంటారు. 20, 30 చూపిస్తే ఎర్త్ గుంత చూసుకోవాలి. బోర్‌వెల్ మోటారు, లిఫ్టు ఉన్న లైనులో సర్వర్ పెట్టొద్దు. ఎక్స్‌టెన్షన్ బాక్సు మీద అసలే వద్దు.

యూపీఎస్ విషయంలో చౌక చూడకండి. సర్వర్ పవర్ సప్లైలలో యాక్టివ్ పీఎఫ్‌సీ (పవర్ ఫ్యాక్టర్‌ను సవరించే సర్క్యూట్) ఉంటుంది. ఇళ్లలో కంప్యూటర్‌కి వాడే చిన్న యూపీఎస్‌లు కరెంటు పోయినప్పుడు మెట్లుమెట్లుగా ఉండే తరంగం ఇస్తాయి, కొన్ని సర్వర్లు దాన్ని చూసి ఆగిపోతాయి. అసలు కరెంటు పోయినప్పుడు ఆదుకోవడానికే కదా యూపీఎస్ కొన్నది. ప్యూర్ సైన్‌వేవ్ ఇచ్చేదే కొనండి. మొదట రాసుకున్న గరిష్ఠ వాట్ల అంకె ఇక్కడ పనికొస్తుంది. యూపీఎస్ మీద పెద్ద అక్షరాల్లో ఉండే వీఏ అంకె కాదు, కింద చిన్నగా రాసిన వాట్ల అంకె మీ సర్వర్ గరిష్ఠ వాట్లకన్నా ఎక్కువుండాలి. రెండు పవర్ సప్లైలనూ ఒకే యూపీఎస్‌కి పెడితే యూపీఎస్ పాడైన రోజు రెండూ పోతాయి. ఒకటి యూపీఎస్‌కి, రెండోది సర్జ్ ప్రొటెక్టర్ మీదుగా వేరే లైనుకి పెడితే కొంత నయం. యూపీఎస్ యూఎస్‌బీ కేబుల్ సర్వర్‌కి తగిలించి, నెట్‌వర్క్ యూపీఎస్ టూల్స్ లాంటి సాఫ్ట్‌వేర్ వేసుకుంటే బ్యాటరీ అడుగంటే ముందు సర్వర్ తనంతట తానే పద్ధతిగా ఆగుతుంది.

వేడి, దుమ్ము

లోపలికి వచ్చే గాలి 10 నుంచి 35 డిగ్రీల మధ్య ఉండాలని మామూలు సర్వర్ స్పెసిఫికేషన్. డేటా సెంటర్ల కోసం ఆష్రే సంస్థ సూచించేది 18 నుంచి 27. విజయవాడ వేసవిలో ఏసీ లేని గది 35 ఎప్పుడు దాటుతుందో చెప్పనక్కర్లేదు. సర్వర్ లాగే ప్రతి వాటూ చివరికి వేడిగానే గదిలోకి వస్తుంది. 350 వాట్లు లాగే సర్వర్ గంటకి దాదాపు 1,200 బీటీయూల వేడి వదులుతుంది. ఒక టన్ను ఏసీ గంటకి 12,000 బీటీయూలు లాగుతుంది, కాబట్టి అందులో పదో వంతు. పగలు ఇది పెద్ద లెక్క కాదు. సాయంత్రం అందరూ ఏసీ కట్టేసి, కిటికీలు మూసి వెళ్లాక శనివారం రాత్రినుంచి సోమవారం పొద్దుటిదాకా ఆ గదిలో ఏం జరుగుతుందన్నదే ప్రశ్న. నిర్వహణ కార్డులో ఇన్‌లెట్ టెంపరేచర్ హద్దు దాటితే మెయిల్ వచ్చేలా పెట్టుకోండి.

గాలి ముందునుంచి వెనక్కే పోతుంది, టవర్ అయినా మారదు. వెనక గోడకి ఆనించొద్దు, కనీసం జానెడు చోటు వదలండి. బల్లకింద మూడు వైపులా మూసిన అరలో పెడితే వదిలిన వేడిగాలినే మళ్లీ పీల్చుకుంటుంది. నేల మీద నేరుగా పెట్టకండి. పొద్దున్నే చీపురుతో ఊడ్చే దుమ్మంతా ముందు బెజెల్లోకే పోతుంది, తర్వాత ఫినాయిల్ నీళ్లతో తుడిచే తడిగుడ్డ కాళ్ల మధ్యకి దూరుతుంది. నాలుగైదు అంగుళాల ఎత్తున్న ఇనుప స్టాండ్ వెల్డింగ్ షాపులో చేయించుకోవచ్చు, అంచులు కొంచెం పైకి మడిచి చేయమనండి. వెనక ఖాళీ పీసీఐ స్లాట్లకు, డిస్కు బేలకు ఉత్తి రేకు మూతలు వేసి ఉంచండి. గాలి దారి తప్పకుండా ఉండటానికే కాదు, బల్లులు దూరకుండా ఉండటానికి కూడా.

మొదటి స్టార్ట్

డిస్కులు స్టిక్కర్ అంకె ప్రకారం వాటి బేల్లో పెట్టండి. ముందు పవర్ కార్డులు మాత్రమే తగిలించి, నిర్వహణ కార్డు మేలుకునేదాకా ఒకటి రెండు నిమిషాలు ఆగండి. అప్పుడు బటన్ నొక్కండి. ఫ్యాన్లు ఒక్కసారి పూర్తి వేగంతో అరిచి తర్వాత తగ్గుతాయి. తగ్గకుండా అలాగే అరుస్తుంటే ఆపి, మూత, గాలి మూత, ఫ్యాన్ కనెక్టర్లు చూడండి.

రెయిడ్ కార్డు తెరమీద ‘ఫారిన్ కాన్ఫిగరేషన్’ అని ఏదైనా వస్తే కంగారుపడి ‘క్లియర్’ నొక్కకండి. డిస్కుల మీద రాసి ఉన్న రెయిడ్ వివరాలను అది చెరిపేస్తుంది. డిస్కు ఏదైనా సరిగ్గా కూర్చోలేదేమో ముందు చూసుకుని, అంతా ఉన్నట్టయితే ‘ఇంపోర్ట్’ చేసుకోవాలి.

బయోస్‌లో కరెంటు తిరిగి వచ్చినప్పుడు ఏం చెయ్యాలన్న సెట్టింగ్ ఒకటుంటుంది. డేటా సెంటర్‌లో అది వెంటనే ఆన్ అయ్యేలా పెట్టి ఉంటారు. మన దగ్గర కరెంటు వచ్చి, పోయి, మళ్లీ వచ్చే రకం కాబట్టి కొంత ఆలస్యంగా ఆన్ అయ్యేలా మార్చండి. మొదటి రోజంతా సిస్టమ్ లాగ్, ఇన్‌లెట్ టెంపరేచర్, రెండు పవర్ సప్లైల స్థితి చూస్తూ ఉండండి. ఒక పవర్ సప్లై కేబుల్ పీకి, సర్వర్ రెండోదాని మీద నడుస్తోందో లేదో చూడండి. తర్వాత రెండోదీ అంతే. యూపీఎస్ గోడ ప్లగ్గు పీకి కూడా చూడండి. ఈ పరీక్షలు ఆఫీసువేళల్లో చెయ్యొద్దు.

విప్పిన రెయిల్స్, చెవులు, ర్యాక్ బెజెల్, స్క్రూల కవర్లు పారెయ్యకండి. అన్నీ ఒకే అట్టపెట్టెలో వేసి, మీద సర్వర్ సర్వీస్ ట్యాగ్ రాసి అటక మీద పెట్టండి. రెయిల్స్ లేని ర్యాక్ సర్వర్‌కి సెకండ్‌హ్యాండ్ మార్కెట్లో ధర తగ్గించి అడుగుతారు, పాత మోడల్ రెయిల్స్ విడిగా దొరకడం కష్టం.